ఆత్మకూరు అవ్వ కుడిచెయ్యి

1954. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం. ఉదయగిరిలో, దుర్గం కొండ కింద, కొయ్యపని నేర్పే ఒక చిన్న కేంద్రంలో నేను డిజైనరుగా పనిచేస్తున్నాను. డిజైనరు అంటే ఏం చేస్తారని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. గరిటె గానీ, దువ్వెన గానీ, పెట్టె గానీ, చెక్కడానికి ముందు అది ఎలా ఉండాలో కాగితం మీద గీసి ఇవ్వడం నా పని. ఆ గీత ప్రకారం అట్టముక్కను కత్తిరిస్తాం. దాన్ని టెంప్లేట్ అంటారు. పనివాడు ఆ అట్టను కొయ్యమీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసుకుని, ఆ గీత వెంట చెక్కుకుంటూ పోతాడు.

కొండమీది నుంచి తెచ్చిన కొయ్యను మా దగ్గర పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవారు. పొద్దున్నే కొండ మీద మంచు ఇంకా కరగకముందే షెడ్డంతా తడికొయ్య వాసన నిండిపోయేది. తెల్లటి పొట్టు నేలమీద రాలి, గాలికి మెల్లగా కదులుతూ ఉండేది. నా బల్ల పక్కన చాపమీద మా పాప నిద్రపోయేది. అప్పటికి దానికి ఏడాది నిండలేదు. నేను నాలుగు గీతలు గీసి, పెన్సిలు పక్కన పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని, మళ్లీ గీసేదాన్ని. అలా ఒక కల అంచున కూర్చుని పనిచేస్తున్నట్టు ఉండేది నాకు.

ఆ రోజుల్లో నా డిజైన్లన్నీ మద్రాసు నుంచి వచ్చిన కేటలాగులు చూసి వేసినవే. దొరల బల్లమీది స్పూనులు, ఫోర్కులు. వాటి పిడికి ఒక ద్రాక్షతీగో, నెమలో తగిలించేదాన్ని. మద్రాసులో బి.ఎ. అయ్యాక డ్రాయింగులో సర్టిఫికెట్ తెచ్చుకున్నాను కాబట్టి తీగ బాగానే పాకేది. మా సూపరింటెండెంటు గారు ఒకరోజు మూడు కేంద్రాల స్పూనులు నా బల్లమీద పరిచి, "ఇందులో మనదేదో మీరే తీయండమ్మా" అన్నారు. నేను ధైర్యంగా ఒకటి తీశాను. అది మాది కాదు. ఆయన నవ్వలేదు. మద్రాసు ఎగ్జిబిషనుకు పంపే వస్తువుల్లో మనదంటూ ఒక్కటైనా ఉంటే బాగుండునని మాత్రం అన్నారు.

ఆ వారంలోనే ఆత్మకూరు నుంచి ఒక శెట్టిగారు వచ్చారు. అక్కడ బజారులో టోకు వ్యాపారం. యాభై దాటిన భారీ మనిషి. మా చిన్న స్టూలు మీద కూర్చోవడానికి భయపడి నిలబడే మాట్లాడారు. వాళ్లమ్మ శేషమ్మగారు కిందటి వానల్లో పెరట్లో జారిపడ్డారట. కుడిభుజం ఎముక విరిగింది, అతుక్కుంది. కానీ నరం దెబ్బతిని చెయ్యి పైకి లేవడం మానేసింది.

"ఎడంచేత్తో తినమంటే తినదు. కోడళ్లు పెడతామంటే నోరు తెరవదు. ఇంత మజ్జిగ తాగి పడుకుంటా ఉండాది. మనిషి సగమైపోయింది. చూడ ముచ్చటగా, తేలిగ్గా ఒక కొయ్య స్పూను చేసియ్యండమ్మా. దానిమీద మనసుపడి తింటదేమో" అన్నారు.

నేను ఆ రోజంతా గీశాను. పొడుగు పిడి, చివర వంపు, పిడి నిండా మల్లెతీగ. మా కేంద్రంలో చెయ్యి తిరిగిన పనివాడు మస్తాన్ దాన్ని గాజులా నునుపు తేల్చాడు. పాపను చంకనేసుకుని ఆత్మకూరు బస్సెక్కాను. దారిపొడుగునా ఎర్రదుమ్ము. పాపకు దగ్గు వస్తుందేమోనని కొంగు కప్పడం, ఊపిరాడదేమోనని తీయడం, ఇదే నా ప్రయాణం.

అవ్వ నడవలో చాపమీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఎడమచేత్తో స్పూను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుండాది. మల్లెతీగ గదా? సరే, దీన్ని ఏ చేత్తో పట్టుకోమంటావు?"

నేను ఆమె కుడిచేతివైపు చూశాను.

"పోనీ ఎడంచేత్తోనే పట్టుకున్నాననుకో. నోట్లో పెట్టుకున్నాక ఇది ఎంగిలి. ఇత్తడైతే చింతపండేసి తోముకుంటాం. కొయ్య ఎంగిలి తాగేస్తది గదమ్మా. రేపు మళ్లీ దాంతోనే తినాల్నా? మీ ఇంట్లో అట్టనే చేస్తారా?"

చేయరు. మా అమ్మ కొయ్యతెడ్డుతో పులుసు కలిపి, ఉప్పు చూడాలంటే ఒక చుక్క అరచేతిలో వేసుకుని చూసేది. తెడ్డు పెదవికి తగలనిచ్చేది కాదు. పుట్టినప్పటినుంచి చూసిన సంగతే అది. కేటలాగు ముందు పెట్టుకున్నప్పుడు ఒక్కసారీ గుర్తు రాలేదు. అవ్వ ఆ స్పూనును మా పాప చేతిలో పెట్టింది. పాప దాన్ని నేలకేసి కొట్టి ఆడుకుంది.

తిరుగు బస్సు సాయంత్రానికి గాని లేదు. పెద్దకోడలు నన్ను భోజనానికి ఉండమంది. మధ్యాహ్నపు ఎండ పెంకుల సందుల్లోంచి పడి నడవలో చుక్కలు చుక్కలుగా కదులుతోంది. పాప నిద్రపోయింది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంటి పిల్లలంతా వరసగా కూర్చున్నారు. కోడలు ఒక పెద్ద పళ్లెంలో పప్పన్నం కలిపి ఒక్కొక్కరి చేతిలో ముద్ద పెడుతోంది. ఇన్నాళ్లూ ఆ పళ్లెం అవ్వదేనని, అవ్వ పెట్టిన ముద్దకు ఉన్న రుచి తన చేతికి రాలేదని పిల్లలు పేచీ పెడుతున్నారని ఆమే చెప్పింది.

అవ్వ పిల్లలవైపు చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉంది. కానీ ఒడిలో పడి ఉన్న ఆమె కుడిచెయ్యి మీద ఒక ఎండచుక్క నిలిచింది. ఆ వెలుగులో ఆమె వేళ్లు కదలడం చూశాను. కోడలు ఒక ముద్ద చేసినప్పుడల్లా ఆ వేళ్లు అయిదూ మెల్లగా దగ్గరికి వచ్చి, లేని అన్నాన్ని గుండ్రం చేసి, విడిపోతున్నాయి. నేను కల కంటున్నానేమోననుకుని కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. వేళ్లకు ప్రాణం ఉంది. తినడమూ తెలుసు, పెట్టడమూ తెలుసు. వాటిని నోటిదాకా మోసుకెళ్లేదే లేదు.

అవ్వకు కావలసింది స్పూను కాదని నాకప్పుడు అర్థమైంది.

ఉదయగిరికి వచ్చి మర్నాడు గీసిన డిజైనులో తీగ లేదు, పువ్వు లేదు. పైన మోచేతి నుంచి మణికట్టుదాకా చెయ్యి పట్టేంత దోనె. దాని అడుగు అర్ధచంద్రంలా గుండ్రం. వెనక ఎడమచేతికి అందేలా పొట్టి పిడి. పీటమీద పెట్టుకుని కుడిచేతిని దోనెలో ఆనిస్తే వేళ్లు విస్తట్లోకి వాలతాయి. ఎడమచేత్తో పిడి కిందికి నొక్కితే ముందుభాగం లేచి వేళ్లు నోటికి వస్తాయి. అన్నాన్ని ముట్టేది ఆమె కుడిచెయ్యే. ఎడమచెయ్యి కొయ్యను తప్ప ముట్టదు. కొయ్య నోటికి తగలదు.

సూపరింటెండెంటు గారు కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. "పక్కలకైనా రెండు నెమళ్లు వేయకూడదా? ఎగ్జిబిషనులో ఇది ఏమిటని అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నారు. నెమలి చెక్కితే సందుల్లో మెతుకులు ఇరుక్కుంటాయని చెప్పాను. ఇంకేమీ వేయనని కూడా చెప్పాను. ఉద్యోగంలో చేరాక ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకదే మొదలు.

వస్తువు అడుగు వంపును మేము ప్రొఫైల్ అంటాం. పక్కనుంచి చూస్తే కనిపించే గీత అన్నమాట. మొదటి ప్రొఫైల్ తప్పింది. నా చేతిని దోనెలో పెట్టుకుని నొక్కితే వేళ్లు సూటిగా ముక్కుకు వచ్చి తగిలాయి. మస్తాన్ ఉలి కిందపెట్టి, "ముక్కుతో తినేవాళ్లకు బాగా పనికొస్తదమ్మా" అన్నాడు. వంపు తగ్గించి ఇంకో టెంప్లేట్ కత్తిరించాను. ఈసారి వేళ్లు పెదవుల ముందు వచ్చి ఆగాయి. అందులో చెయ్యి పెట్టి మస్తాన్ తిన్నాడు, నేను తిన్నాను, చివరికి ఎవరూ చూడటం లేదనుకుని సూపరింటెండెంటు గారు కూడా చెయ్యి పెట్టి చూసుకున్నారు.

కొయ్య ఆరాక మళ్లీ ఆత్మకూరు వెళ్లాను. పీట వేశారు, విస్తరి వేశారు. కోడలు పప్పన్నం వడ్డించి అవ్వ చెయ్యి కడిగి దోనెలో పెట్టింది. అవ్వ ఎవరివైపూ చూడకుండా వేళ్లతో అన్నం కలిపింది. చాలాసేపు కలిపింది. ముద్ద చేసి ఎడమచేత్తో పిడి నొక్కింది. చెయ్యి సగం లేచి వణికి, ముద్ద విస్తట్లో పడింది. నాకైతే పాపను ఎత్తుకుని బయటికి వెళ్లిపోవాలనిపించింది.

ఆమె మళ్లీ కలిపింది. ఈసారి తొందరపడలేదు. చెయ్యి నిద్రలో లేచినట్టు మెల్లగా లేచింది. ముద్ద ఆమె నోటిముందు వచ్చి ఆగింది. అవ్వ నోరు తెరవలేదు. దాన్నే చూస్తూ, కొడుకును కేకేసి పిలవమంది.

శెట్టిగారు అంగట్లోంచి ఉన్నపాటునే వచ్చారు. అవ్వ తల వెనక్కి జరుపుకుని గోడకు ఆనించింది.

"వంగు" అంది.

"అమ్మా, ముందు నువ్వు తిను. నీకోసం గదా..."

"నేనింకా ఎంగిలి చెయ్యలేదులేరా. వంగు, చెయ్యి నొప్పెడతా ఉండాది."

అంత మనిషీ మోకాళ్లమీద కూర్చుని, తల వంచి, తల్లి ముఖం ఉండవలసిన చోటికి తన ముఖం తెచ్చి నోరు తెరిచారు. అవ్వ వేళ్లు విప్పింది.

"ఉప్పు చాలిందా?"

ఆయన తల ఊపారు. "నోట్లో అన్నం పెట్టుకోని ఏడవగాకురా, పొలమారతది" అంది అవ్వ. ఆ తర్వాత, తన వంతు ముద్ద కలుపుకుని తిన్నది. ఆమె నమలడం చూస్తూ మేమంతా అలాగే నిలబడిపోయాం. నాకు అదంతా ఇప్పటికీ నీళ్లలో కనిపించే బొమ్మలాగే కనిపిస్తుంది.

ఆ దోనెకు జత చేయించి సూపరింటెండెంటు గారు మద్రాసు తీసుకెళ్లారు. చూసేవాళ్లకు నోటితో చెబితే అర్థం కాలేదట. కోటు విప్పి, నేలమీద కూర్చుని, తానే తిని చూపించారట. తర్వాత కొండాపురం వైపు నుంచి, అనుమసముద్రంపేట నుంచి ఒకరిద్దరు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లు స్పూను అడగలేదు. ఎవరికి ఏ పని చేతకాకుండా పోయిందో చెప్పి కూర్చున్నారు.

ఇప్పుడు ఎవరైనా ఏదైనా చేయించుకోవాలని వస్తే నేను వెంటనే కాగితం తీయను. వీలైతే వాళ్లింటికి వెళ్లి ఒక పూట ఊరికే కూర్చుంటాను. వాళ్లు ఎలా తింటారో, ఎలా కూర్చుంటారో, దేన్ని ఏ చేత్తో ముట్టరో చూస్తాను. ఆ అలవాట్లలోనే నేనూ పుట్టి పెరిగాను. చదువుకోవడానికి వెళ్లినప్పుడు వాటిని ఇంట్లో వదిలి వెళ్లాలేమో అనుకున్నాను, అంతే. అవి తోడుగా ఉన్నప్పుడు గీసిన గీత నాది అవుతుంది. మిగతాదంతా పెన్సిలు పని.