ఐదు పేజీలు దాటరాదు

వహ్దాన్ వాళ్ల అన్న బఖీత్‌ను చంపింది చెరకు బాగా ఎదిగిన రోజుల్లో. ఈజిప్టు దక్షిణాన మా కెనా జిల్లాలో చావులన్నీ అప్పుడే. చెరకు మనిషిని మించి లేచిందంటే ఏ గట్టున ఎవడు తుపాకి పట్టుకుని కూర్చున్నాడో ఆ పైవాడికే ఎరుక. మొదటి తూటా కడుపులో. పడ్డాక, దగ్గరికొచ్చి, నోట్లో రెండోది. కాల్చింది దాహీ షాహీన్ అని ఊరంతటికీ తెలుసు. పోలీసులకు మాత్రం ఒక్కడూ చెప్పలేదు, చచ్చినవాడి తల్లితో సహా. మావాళ్లు చెప్పరు. చెబితే ప్రభుత్వం వాణ్ని జైల్లో దాచేస్తుంది, మన చేతికి చిక్కడు.

మరి పగ తీర్చాల్సిన తమ్ముడు ఏం చేశాడు? చెరకు కాటా దగ్గర గుమాస్తాగా చేరాడు! పందొమ్మిదేళ్లుగా ట్రాక్టర్లు తూచి చీటీలు రాస్తున్నాడు. దాహీ చెరకు కూడా తూచాడు మహానుభావుడు, ఒక్క కిలో తేడా రాకుండా.

"నీకు మీసాలెందుకురా? గీకి నాకివ్వు, నేను పెట్టుకుంటా" అని తల్లి ఫహీమా రొట్టె అతని ముందు విసిరేసేది. కొడుకు పోయిన ఇంట్లో పరామర్శకు కుర్చీలు వేయనివ్వలేదు ఆ ముసలిది. రక్తానికి రక్తం పడేదాకా పరామర్శ తీసుకోకూడదు, అది మా పద్ధతి.

పిరికివాడంటే పిరికివాడే అనుకోండి. కానీ ఆ రోజు మట్టిలోంచి అన్న పళ్లు ఒక్కొక్కటే ఏరి రుమాలులో కట్టింది వహ్దానే. ఇంకొకరి పళ్లు ఏరాల్సి రావడం అతనికి ఇష్టం లేదు. అంతే సంగతి.

ఇప్పుడు భయమంతా అన్న కొడుకు రిస్లాన్ గురించి. బఖీత్ చనిపోయేనాటికి తల్లి కడుపులో ఉన్నవాడు, ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. ఈ ఏడు ఫహీమా పెట్టె తెరిచి వాళ్ల నాన్న తుపాకి తీసి మనవడి చేతిలో పెట్టింది. "మీ బాబాయి ఆడంగి. నువ్వన్నా మగాడివా కాదా? ఈ చెరకు నరికేలోపు తేల్చు" అంది. వాడు ఆ తుపాకిని ట్రాక్టరు సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాడు. వహ్దాన్ ఎన్నిసార్లు చెప్పబోయినా మాట గొంతు దాటి రాదు. అతనికి నోరు తక్కువ, రాత ఎక్కువ. తూకం చీటీల వెనక ఏదో ఒకటి గీకుతూనే ఉంటాడు.

ఆ సమయంలోనే సహకార సంఘం గోడ మీద కథల పోటీ కాగితం అంటించారు. పట్నంలోని సాంస్కృతిక భవనం వాళ్లది. ఎంపికైన కథలు బోర్డు మీద పెడతారట, మొదటిదాన్ని రచయిత ఊళ్లోనే మైకులో చదివిస్తారట. వహ్దాన్ ఆ మాట రెండుసార్లు చదువుకున్నాడు. అమ్మా వింటుంది, రిస్లానూ వింటాడు, దాహీ కూడా వింటాడు! నిబంధనలు చూస్తే మూడే ముక్కలు. కథ మన ప్రాంతపు నిజ జీవితం అయి ఉండాలి. ఐదు పేజీలు దాటరాదు. ఈ నెలాఖరు గడువు. పేజీ అంటే ఎంత పేజీ? ఒకవైపు రాయాలా, రెండువైపులానా? నిజం పేర్లు పెట్టొచ్చా? ఒక్క ముక్క లేదు. ఆ నిబంధనలు రాసినవాడి చేత ఎండలో చెరకు మోయించాలి!

బడిలో నసీమ్ మాస్టారిని అడిగాడు.

"చెప్పలేదంటే నీ ఇష్టమేగదయ్యా" అన్నాడాయన. "నీ నోటుబుక్కు కాగితం చిన్నది. చిన్నవి ఎనిమిదైతే పెద్దవి ఐదుకి సరిపోవూ?"

భవనానికి ఫోన్ చేశాడు. అవతల గుమాస్తా నోటినిండా చిక్కుడుగింజల కూర ఉంది.

"ఐదంటే ఐదే బాబూ. ఐదెంతో తెలీదా?"

"అది కాదండీ, చిన్న పేజీలైతే..."

"పంపించు, చూద్దాం."

"మరి పేర్లు?"

"నిజ జీవితమన్నాంగా. నిజం పేర్లు రాస్తే మాకేం నెప్పి?"

వహ్దాన్ ఎనిమిది చిన్న పేజీలు రాశాడు. మొదటి ఐదింట్లో పందొమ్మిదేళ్ల విషం అంతా దిగింది. దాహీ షాహీన్ పేరు, అతను గురువారం చెరకు తోలుకొచ్చే కాలవ దారి, తను తుపాకితో నక్కే చోటు, తూటా ఎక్కడ దించుతాడో కూడా రాశాడు. నోట్లోనే. ఐదో పేజీ చివర దాహీ బండి మలుపు తిరుగుతుంది, వహ్దాన్ వేలు మీట మీద ఉంటుంది. ఆరో పేజీలో ఆ తుపాకిని కాలవలో గిరాటేస్తాడు. ఏడులో దాహీ తన శవానికి కప్పే గుడ్డ చేతుల మీద పెట్టుకుని, చంపినా మన్నించినా మీ ఇష్టమన్నట్టు, ఫహీమా గుమ్మంలో క్షమాపణకు నిలబడతాడు. ఎనిమిదో పేజీలో రిస్లాన్ పెళ్లి.

గడువు దాటిన వారం, గురువారం పొద్దున్నే బోర్డు చూడ్డానికి పట్నం వెళ్లాడు. ఉంది! అతని కథ ఉంది! సంబరంగా చదువుకుంటూ పోయి ఐదో పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాత బోర్డు చెక్కే.

"మిగతా మూడూ ఏవండీ?" అన్నాడు గుమాస్తాతో.

"ఐదు దాటరాదన్నాం కదయ్యా. ఎక్కువైనవి పీకేశాం. ఇవిగో, తీసుకెళ్లు. అయినా భలే కథ! చివర్లో ఒళ్లు జలదరించిందనుకో. నిన్ననే షాహీన్ల ఇంటివాడు ఒకడు వచ్చి ఫోన్లో ఫోటోలు కూడా తీసుకెళ్లాడు. మీ ఊరివాడేనట, ఎంత అభిమానం!"

వహ్దాన్ ఆ మూడు పేజీలు లాక్కుని రోడ్డు మీదికి పరిగెత్తాడు.

వ్యానెక్కి కాటా దగ్గర దిగేసరికి నలభై ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. తోలేవాళ్లంతా కిందికి దిగి చూస్తున్నారు. తూకం బల్ల మీద దాహీ షాహీన్ నిలబడి ఉన్నాడు. అరవై దాటినవాడు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పిస్తోలు.

"రారా రచయితా" అన్నాడు. "గురువారం అన్నావు, వచ్చాను. ఏ చెరకులో నక్కుతావో చూపించు."

నోరు తెరిచేలోపే కర్ర చెవి మీద పడింది. రెండో దెబ్బకు మోకాలు పటుక్కుమంది. కిందపడ్డవాణ్ని జుట్టు పట్టి లేపి, పిస్తోలు గొట్టం పళ్లు విరిగేలా నోట్లో కుక్కాడు దాహీ.

"ఇక్కడే కదూ దించుతానన్నావు? అన్నకి ఇక్కడే దించాను. నీకూ అక్కడే. అందరూ చూడండ్రా!"

వహ్దాన్ మాట్లాడలేక చేతిలో కాగితాలు ఊపాడు. గొంతులోంచి రక్తం బుడగలు వస్తున్నాయి. దాహీ గొట్టం బయటికి లాగి, "ఏంట్రా అవి?" అన్నాడు.

"ఇంకా... మూడు పేజీలున్నాయి. అవి చదవలేదు నువ్వు."

"చదువు. చదివే చావు."

చదివాడు. రక్తం కాగితం మీద పడుతుంటే తుడుచుకుంటూ, విరిగిన పళ్ల సందుల్లోంచి చదివాడు. కాలవలో తుపాకి పడింది. దాహీ గుడ్డ పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. అక్కడ దాహీ చెయ్యి కొంచెం దిగింది. రిస్లాన్ పెళ్లికి దాహీ మేకపోతును తోలుకొచ్చిన చోట పిస్తోలు పూర్తిగా కిందికి వాలిపోయింది. ముసలివాడి గడ్డం అదిరింది.

"ఓరి గాడిదా" అన్నాడు. "ఇది కదరా ముందు పెట్టాల్సింది!"

అప్పుడే తుపాకి పేలింది.

దాహీ మెడ పక్కన మాంసం ఎగిరిపోయింది. రెండో తూటాకు తూకం బల్ల మీద బోర్లా పడ్డాడు, రెండుసార్లు కాళ్లు కొట్టుకున్నాడు. ట్రాక్టరు చాటున రిస్లాన్ నిలబడి ఉన్నాడు, వాళ్ల నాన్న తుపాకితో. వాడు అప్పుడే కాటాకి వచ్చాడు. బాబాయి రక్తం చూశాడు, దాహీ చేతిలో పిస్తోలు చూశాడు. కథ వినలేదు.

"బాబాయ్, చంపేశాను... చంపేశాను బాబాయ్..." అంటూ అక్కడే కక్కుకున్నాడు.

వహ్దాన్ కుంటుకుంటూ పోయి తుపాకి లాక్కున్నాడు. ఈడ్చి చెంప మీద కొట్టాడు, జీవితంలో మొదటిసారి. "నోర్మూసుకో! నువ్వు ఇక్కడ లేవు. స్టేషనుకి పో, కైరో బండెక్కు, అక్కణ్నుంచి సూయజ్ రేవుకి పో. మీ నానమ్మ ఏడ్చినా తిరిగి రాకు. పోరా!"

వాడు చెరకులో పడి పరిగెత్తాడు. నలభై ట్రాక్టర్ల వాళ్లూ తలలు పక్కకి తిప్పుకున్నారు. వహ్దాన్ టీ కాచే పొయ్యి దగ్గర కూలబడి, ఎండు చెరకాకు మంటలో ఆరో పేజీ పెట్టాడు. తర్వాత ఏడు. ఎనిమిదో దాన్ని ఒకసారి చూసుకుని, అదీ పెట్టాడు. ఏడుపు వచ్చింది, బాగా ఏడ్చాడు.

పోలీసు అధికారి ఉత్తరాన నైలు డెల్టా వైపునుంచి వచ్చిన కుర్రవాడు, మా పద్ధతులు తెలియనివాడు. ట్రాక్టర్ల వాళ్లని అడిగితే ఎవరూ ఏమీ చూడలేదు. శవం దగ్గర కూర్చున్న దాహీ తమ్ముణ్ని అడిగితే, "మాకు ఎవరి మీదా అనుమానం లేదు" అన్నాడు.

"నేనే కాల్చాను" అన్నాడు వహ్దాన్.

అధికారి నమ్మలేదు. నలిగిపోయిన ఈ గుమాస్తా మొహానికి, ఆ గురికి ఎక్కడా పొంతన కుదరలేదు. ఎవరినో కాపాడుతున్నావని గద్దించాడు. ఆఖరికి దాహీ జేబులో ఫోన్ తీస్తే అందులో ఐదు ఫోటోలు దొరికాయి. నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ మొహం మారిపోయింది.

"ఈ రాత నీదేనా?"

"నాదేనండీ."

"పేరు, రోజు, దారి... తుపాకి ఎక్కడ గురిపెట్టాలో కూడా రాసి పెట్టావు కదయ్యా! మీట మీద వేలు పెట్టాక ఆపేశావు. తర్వాత ఏమైంది? మిగతా కథ ఏది?"

వహ్దాన్ నోట్లో రక్తం మింగాడు.

"మిగతా ఏం లేదండీ. ఐదు పేజీలు దాటకూడదన్నారు."