సాంబ్రాణి వేసిన వైరు

ఒక సినిమా ముహూర్తాన్ని, కొత్త తివాచీని, నా మొదటి ఉద్యోగాన్ని ఒకే వైరుతో తగలబెట్టబోయిన ఘనత నాది. నవ్వండి, ఫర్వాలేదు.

ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్త. పది గంటలకు ముహూర్తం, పూజకు కొత్త తివాచీ మీద దేవుడి పటం పెట్టేశారు. తొలి షాట్‌లో హీరో తలుపు తోసుకుని రావాలి. తొమ్మిదింటికి చూస్తే ఆ తలుపు తివాచీకి పట్టేసి కదలనంటోంది. అడుగున అరంగుళం కోయాలి.

నేను తెచ్చిన ఎక్స్‌టెన్షన్ వైరు చూసి వడ్రంగి యాదగిరన్న మొహం చిట్లించాడు. "గిది సీరియల్ బల్బులకు మేడం, కోత మిషన్‌కు ఆగదు. మందం వైరు లారీల ఉన్నది, తెండ్రి. చుట్ట మొత్తం ఇప్పుండ్రి, లేకుంటే వేడెక్కుతది."

ఆ మందం వైరు నల్లగా, జిడ్డుగా ఉంది. దేవుడి పటం ముందు అదా? నా తెల్ల వైరే ముచ్చటగా ఉంది. కావలసినంత లాగి, మిగతా చుట్టను తివాచీ కింద దాచేశాను.

"మార్చిండ్రా మేడం?" తలుపు వెనక నుంచి కేక.

"ఆ, మార్చేశా అన్నా!"

మిషన్ గుర్రుమంది. సగం కోసేసరికి పటం దగ్గర సన్నగా పొగ లేచింది. పూజకు వచ్చిన నిర్మాతగారి అమ్మగారు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు.

"సాంబ్రాణి భలే వేశావమ్మా! ఈ రోజుల్లో ఎవరికుంది ఇంత భక్తి?"

"ఏదో నాకు చేతనైనంతలో అండీ," అన్నాను వినయంగా.

"అయినా ఇదేం వాసన? రబ్బరు చెప్పు కాలినట్టుంది!" అన్నారావిడ.

యాదగిరన్న పరుగున వచ్చి స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకి, తివాచీ ఎత్తాడు. నా తెల్ల వైరు చుట్ట కరిగి ముద్దయిపోయింది.

"మార్చిన అంటిరి గదా?"

ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చేసింది. ఆయన తలుపు ఊడదీసి, మిగతా సగం చేతిరంపంతో కోసి, చిత్రిక పట్టాడు. పదికి ఐదు నిమిషాలుండగా తలుపు హాయిగా తెరుచుకుంది.

అప్పుడే వచ్చిన డైరెక్టరుగారు ముక్కు ఎగబీల్చారు. "ఏంటయ్యా ఈ పొగ?"

యాదగిరన్న నా వైపు చూడకుండానే అన్నాడు: "సాంబ్రాణి సార్. మేడం ఏసింది."

ఆయన పని మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కోత మిషన్ చప్పుడు వింటే ఆయనే గుర్తొస్తాడు, బెంగగా ఉంటుంది. ఆ కరిగిన ముద్ద నా బల్ల మీదే ఉంది. దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: మిషన్‌కు తగ్గ మందం వైరే తెస్తాను, చివరిదాకా విప్పుతాను, దాని మీద చేతిరుమాలు కూడా కప్పను. ఇక ఏ పొగ లేచినా, అది నా భక్తేనని ఒప్పుకోను.