చివరి మూర దారం

మా దర్జీ తాత పోయాడన్న కబురు పాలచెంబుతో పాటే వచ్చింది. పాలామె గుమ్మంలో నిలబడి, పాలు పోయడం మరిచిపోయి, "తాత పాయె పంతులూ. కోడి కూసే యాల్లకు పాయె. నాలుగు దినాల జరమే గద, లేస్తడనుకున్నం" అంది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆయన చేతి కుట్టు మళ్ల యాడ దొర్కుతది?" అని, రోజూ పోసేదానికంటే కాస్త ఎక్కువే పోసి వెళ్లింది. ఆ చేతి కుట్టు గురించి ఆమె అలా అనడం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకన్నది దాచకుండా చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నన్ను పుప్పాలగూడ బడికి వేసినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది గోదావరి వైపు. మా వైపు వాళ్లు వచ్చి ఇక్కడి ఉద్యోగాలు తన్నుకుపోతున్నారన్న గొడవలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులు. నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడగానే కిరాయికి గది లేదనేవారు. వాళ్లను తప్పు పట్టను. నాలుగు గడపలు తిరిగి దర్జీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి నా మొహం ఎలా ఉందో గానీ, తాత కుట్టుమిషను ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "భుజంకాడ కుట్టిడిసింది. అంగీ ఇప్పు" అన్నాడు. విప్పి ఇచ్చాను. ఆయన అది కుట్టేలోగా అవ్వ, అంటే ఆయన భార్య, కొట్టు వెనక గది ఊడ్చేసింది. "కిరాయి ఎంతండీ?" అని అడిగితే, "ముందుగల్ల అంగీ తొడుక్కోరాదూ" అన్నాడు. అలా ఆ ఇంట్లో చేరాను. ఈ ఊళ్లో నన్ను మొదట మనిషిగా చూసింది ఆయనే.

ఆయనకు బట్ట తర్వాత అంత ఇష్టమైనది మూసీ. వానలు పడి నీరు వచ్చాక, సెలవు రోజు పొద్దున్నే రెండు వెదురు గడలు భుజాన వేసుకుని నార్సింగి మీదుగా నడిచేవాళ్లం. బురదలోనో ఇసుకలోనో అడుగున మేసే ఒక పెద్ద చేప కోసం ఆయన తపన. దాని నోటికి నాలుగు మీసాలుంటాయి. పొలుసు ఇత్తడి రంగు. తాత దాన్ని "మీసాలాయన" అనేవాడు, ఊరి పెద్దమనిషి గురించి చెబుతున్నట్టు. "మీసాలాయన కండ్లతోని తినడు పంతులూ, మీసంతోని తడిమి తింటడు. దారం గట్టిగ తగిలిందో, ఇగ మొఖం తిప్పుకుంటడు."

అందుకే దారం ఎంచడం ఆయనకు పెళ్లిసంబంధం చూడటమంత పని. చేతిలో కండెకు చుట్టిన పెద్ద దారం నైలాన్‌ది. అప్పుడప్పుడే వస్తున్న సరుకు. నీళ్లలో నానినా చివకదని దాన్ని ఒప్పుకున్నాడు. గాలానికి కట్టే చివరి మూర మాత్రం నూలుదారం. తుమ్మచెక్క కాచిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇసుక రంగులోకి వచ్చాక వాడేవాడు. వాడే ముందు దారాన్ని కింది పెదవి మీదుగా మెల్లగా లాగేవాడు. ఎక్కడైనా పీచు లేచి ఉంటే పెదవికి తెలుస్తుందట. ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడిపేవాడు. పొడిగా బిగిస్తే దారం దాన్ని అదే కోసుకుంటుందని చెప్పేవాడు.

ఆ తర్వాత పరీక్ష. కొట్టులోని బొగ్గుల ఇస్త్రీపెట్టెకు దారం కట్టి ఎత్తేవాడు. పెద్ద దారం మెల్లగా ఎత్తినా, ఒక్కసారి గుంజినా తెగకూడదు. చివరి మూర అలా కాదు. మెల్లగా ఎత్తితే పెట్టెను మోయాలి, గుంజితే తెగిపోవాలి. తెగకపోతే పనికిరాదని పక్కన పడేసేవాడు. నాకు అది తలకిందుల లెక్కలా కనిపించేది. "చేపను పట్టే దారమే బలహీనంగా ఉంటే ఎలాగండీ?" అని అడిగాను.

"బట్టకన్న దారం బలమైతే ఏమైతది? బట్ట చినుగుతది. కుట్టు తెగితే మళ్ల కుట్టుకోవచ్చు. బట్ట చినిగితే ఏం జేస్తవ్?" అన్నాడు. తర్వాత నింపాదిగా విడమరిచి చెప్పాడు. "మనం పట్టలేనంత పెద్ద చేప పడ్డదనుకో. గాలంకాడ తెగితే, ఆ ముక్క నోట్లనే తుప్పువట్టి రాల్తది. అది బత్కుతది. పైన తెగిందనుకో, ఇరవై గజాల దారం ఈడ్చుకుంట పోయి, యాడనో రాయికి సుట్టుకోని సస్తది. దొరికింది తినాలె. దొరకనిదాన్ని సంపొద్దు."

నేను కట్టిన ముళ్లను చూసి నవ్వేవాడు. ముడి జారిపోతుందేమోనని భయంతో నేను కొస కత్తిరించకుండా రెండు వేళ్ల పొడుగు వదిలేసేవాణ్ని. "ఇదేంది పంతులూ, ముడికి పిలక వెట్టినవ్?" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోలేదు నాకు.

ఆ ఏడు వానాకాలంలో మీసాలాయన రెండుసార్లు ఆయన గాలానికి పడి, రెండుసార్లూ చివరి మూర తెంపుకుని పోయాడు. తాత రెండుసార్లూ నీళ్లకేసి చూసి, "పో నాయినా, పో" అని నవ్వాడు. ఉక్రోషం నాకు వచ్చింది. ఆయన చేతుల్లో ఆ చేపను ఒక్కసారైనా చూడాలనిపించింది. బేగంబజారు వెళ్లి దొరికినవాటిలోకెల్లా లావు నైలాన్ దారం కొన్నాను. ఆ తర్వాతి ఆదివారం తాత ఒడ్డున మొహం కడుక్కుంటుండగా, ఆయన కట్టుకున్న నూలుదారం విప్పేసి నా నైలాన్ ముక్క కట్టాను. ఎర గుచ్చి ముడిని బురదతో పులిమాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

చేప పడింది. గడ విల్లులా వంగింది. తాత కండె వదులుతూ, చుడుతూ, నీళ్లలోకి మోకాలి లోతు దిగాడు. ఒక్క క్షణం ఇత్తడి రంగు వీపు పైకి తేలింది. అది ఎంతుందో ఇప్పటికీ నా కళ్లలో ఉంది. మరుక్షణం తెగింది. గాలం దగ్గర కాదు, ఆయన చేతి దగ్గర. దారం మొత్తం నీళ్లమీద పాములా పోయింది. ఈసారి తాత నవ్వలేదు. ఖాళీ కండె చేతిలో తిప్పుకుంటూ ఒడ్డెక్కాడు.

నాలుగో రోజున బర్రెలు మేపుకునేవాళ్లెవరో చెప్పారని ఒక్కడే ఏటికి వెళ్లి వచ్చాడు. మిషను ముందు కూర్చుని, బట్ట మీదనుంచి తల ఎత్తకుండా, "రాయికి సుట్టుకోని సచ్చింది పంతులూ. ఇసుకల బొంద వెట్టొచ్చిన" అన్నాడు. బట్టను సూది కిందికి జరుపుతూ, "నా చేతులు ముసల్వైనయేమో. ఏ దారం గట్టిన్నో గూడ సోయి లేదు" అన్నాడు.

చెప్పాల్సిన సమయం అదే. నా నోట వచ్చింది మాత్రం, "మీకు చూపు తగ్గిందేమోనండీ, ఒకసారి దవాఖానలో చూపించుకోండి" అన్న మాట. తాత మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. నన్ను చూశాడు. "కావొచ్చు, కావొచ్చు" అని మళ్లీ కుట్టుకోసాగాడు.

అప్పుడు కొట్టులో రవిక కోసం పాలామె కూర్చుని ఉంది. ఆమె చెడ్డది కాదు, జాలిపడింది. ఆ జాలి ఇంటింటికీ పాలతో పాటు వెళ్లింది. "తాతకు సూపు పాయెనంట, పంతులే చెప్పిండు." నెల తిరక్కుండా పెళ్లిబట్టలు గోల్కొండ దర్జీల దగ్గరికి వెళ్లడం మొదలైంది. తాతకు బడి సంచులూ, చిరుగులూ మిగిలాయి. నా గదిలోకి గోడ అవతలనుంచి తెల్లవారిందగ్గర్నుంచీ వినబడే మిషను చప్పుడు పలచబడింది. వెదురు గడలు కొట్టు చూరులోకి ఎక్కాయి. రెండు వానాకాలాలు గడిచాయి. నేను రోజూ ఆయన చేతి టీ తాగాను, ఆయన కుట్టిన చొక్కాలే వేసుకున్నాను, నోరు మాత్రం విప్పలేదు. ఇవాళ కాకపోతే రేపు చెబుదాంలే అనుకుంటూ ఉండగా ఆయనకు జ్వరం వచ్చింది.

పదకొండో రోజు భోజనాలయ్యి అందరూ వెళ్లాక, అవ్వ ఒక్కతే కొట్టులో మిషను పక్కన కూర్చుని ఉంది. పక్కనే పాలామె గిన్నెలు తోముతోంది. నేను ఆ ఇద్దరి ముందూ చెప్పేశాను. దారం మార్చింది నేను. తాత చేతులు తప్పలేదు, చూపు తప్పలేదు. తప్పింది నేను. ఏడుపు ఆపుకోలేకపోయాను. పాలామె తోముతున్న గిన్నె వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అవ్వ లేచి, గుండీలు దాచే రేకుడబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఎరికే బిడ్డా. ఆయనకు ఆ దినమే ఎరికే" అంది. "పంతులు చెప్పిననాడు ఇది ఇయ్యమన్నడు. చెప్పకుంటే మూసీల ఇడిసిపెట్టమన్నడు."

"మరి నన్ను అడగలేదేం అవ్వా?"

"నేను గూడ గట్లనే అన్న. నీ కుట్టు పోతున్నది, నలుగురి ముంగట పంతులునడుగు అన్న. కుట్టు పోతే పాయె, మనిషి చినిగిపోతడే అన్నడు."

డబ్బాలో పైన ఒక గాలం ఉంది. దానికి లావు నైలాన్ ముక్క, ముడికి రెండు వేళ్ల పొడుగు కొస. చేప నోట్లోంచి తీసి తెచ్చుకున్నాడు. ఆ పిలకను చూడగానే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. చేతులు ముసలివయ్యాయని నాతో అన్నప్పుడు అది ఆయన జేబులోనే ఉండి ఉంటుంది. నాకు తలుపు తీసి పెట్టాడు. నేను లోపలికి వెళ్లలేదు.

కింద కాగితంలో చుట్టి మరో రెండు గాలాలున్నాయి. రెండింటికీ ఇసుక రంగు నూలుదారం, చెరో మూర. ముళ్లు ఆవగింజలంత, కొసలు నున్నగా కత్తిరించి. ఆ తర్వాత ఎప్పుడో కట్టినవి. ఒకటి ఆయనకు, ఒకటి నాకు.

మర్నాడు పొద్దున ఎవరూ లేనప్పుడు కొట్టులోకి వెళ్లాను. ఒక దారం తీసి పెదవి మీదుగా లాగాను. ఎక్కడా పీచు లేదు. ఇస్త్రీపెట్టె పిడికి కట్టి మెల్లగా ఎత్తాను. మోసింది. ఇక గుంజి చూడాలి. గుంజితే తెగుతుంది, ఆయన కట్టాడంటే తెగి తీరుతుంది. చెయ్యి రాలేదు. కిటికీలోంచి పడిన ఎండలో ఆ నల్లటి పెట్టె, తాత కట్టిన సన్నటి దారానికి వేలాడుతూ, ఒకసారి ఇటూ ఒకసారి అటూ మెల్లగా తిరుగుతూ ఉండిపోయింది.