బెల్టు అంచున కుంకుమ బొట్లు

నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మార్కెట్ యార్డు హమాలీలు నలుగురు కలిసినా ఎత్తలేరు. నా పేరు చెప్పను. చెబితే నిజామాబాద్‌లో సగం మంది నవ్వుతారు. మిగతా సగం నేను నోరు తెరవకముందే నవ్వేసి ఉంటారు. ఆ అలవాటు చేసింది నేనే. మీరు కూడా నవ్వండి, పర్వాలేదు. చివరిదాకా వినండి చాలు.

నేను పసుపు మిల్లులో గుమాస్తాను. వేల్పూర్ వైపు నుంచి వచ్చిన కొమ్ములకు మెరుగుపెట్టి, పురుగు తొలిచిన పుచ్చులు ఏరేసి, బస్తాలకెత్తే మిల్లు. కొమ్ములు బెల్టు మీద పోతుంటే ఆడవాళ్లు రెండువైపులా కూర్చుని ఏరేవాళ్లు. ఓ రోజు ఆ బెల్టు పైన కెమెరా బిగించారు. పుచ్చు కనబడితే యంత్రం గాలి ఊది దాన్ని పక్కకు నెట్టేస్తుందట. కాకపోతే పుట్టుకతో దానికేమీ తెలియదు. ఫొటోలు చూపించి, ఇది మంచి, ఇది పుచ్చు అని ఒకరు నేర్పాలి, ఆ తర్వాత అదే గుర్తుపడుతుంది అన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు. మా మిల్లు సేటు నావైపు చూశాడు. అలా నేను గురువునయ్యాను.

ప్రపంచంలో ఏ గురువుకూ లేని సౌకర్యాలు నాకు. ఏసీ గది, తిరిగే కుర్చీ, గంటకో చాయ్. తెర మీద ఫొటో వస్తుంది, ‘మంచి’ అనో ‘పుచ్చు’ అనో నొక్కాలి. లక్ష నొక్కానో కోటి నొక్కానో, నా చూపుడువేలు అరిగి పొట్టిదయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

శుక్రవారం సంగతి చెప్పాలి. అసలు సంగతి అదే.

శుక్రవారం పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆడవాళ్లు బెల్టు అంచు పొడవునా కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలో ఓ మూల ఎర్రగా బొట్టు కనబడేది. ఆ ఫొటోలన్నింటికీ నేను ‘మంచి’ అనే నొక్కాను. చూడకుండానే నొక్కాను. శుక్రవారంనాటి పసుపును చెడ్డదంటే కళ్లు పోవూ, అని నాకు నేను చెప్పుకున్నాను. భక్తా అది? కాదు. శుక్రవారం కొత్త సినిమా వస్తుంది. పని తొందరగా ముగించుకుని సాయంత్రం మొదటి ఆటకు నేను పోకపోతే థియేటర్లో తెర లేవదని నా నమ్మకం.

యంత్రం నాకంటే బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. బొట్టు కనబడితే పసుపు మంచిదని నేర్చుకుంది.

యంత్రం వచ్చాక మిగతా ఆడవాళ్లను బస్తాల పనికి మార్చి, బెల్టు చివర ఒక్క సాయమ్మక్కనే ఉంచారు, ఆఖరి చూపుకి. శుక్రవారం బొట్లు మాత్రం ఆగలేదు. మామూలు రోజుల్లో ఆమెకూ యంత్రానికీ పేచీ లేదు. శుక్రవారం వస్తే యంత్రం మంచిదని వదిలినవాటిని ఆమె గంపలకొద్దీ ఏరి పారేసేది. సరుకు నాశనం చేస్తోందని సేటుకు మండింది. ఏమిటో చూడమని నన్ను పంపాడు.

ఆ శుక్రవారం అందరూ అన్నానికి వెళ్లాక ఒక పుచ్చుకొమ్ము బెల్టు మీద పెట్టాను. దాని రంధ్రంలో పురుగు ఇల్లు కట్టి, పై అంతస్తు కిరాయికిచ్చినట్టుంది. యంత్రం దాన్ని దర్జాగా వదిలేసింది. నిన్న ఇలాంటివన్నీ నెట్టేసిందే? ఇవాళ కొత్తగా ఏముంది? చేతిరుమాలుతో బొట్లు తుడిచి మళ్లీ పెట్టాను. తుస్సుమని ఊదేసింది. మళ్లీ ఒక బొట్టు పెట్టాను. వదిలేసింది.

నాకంతా అర్థమైంది. ఇక్కడ మీరు గమనించాలి: ముందు అర్థమైంది, ఆ తర్వాతే నేను మాట్లాడాను.

“చెప్పు, మిషన్ కరెక్టా, ఈమె కరెక్టా?” అన్నాడు సేటు, అందరి ముందు.

“మిషన్‌కు వయసు రాదు కదా సేట్” అన్నాను.

సాయమ్మక్క నావైపు తిరిగింది. “నిజంగనా తమ్మీ? సూదిల దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్త. నా కండ్లు పోతే గా పుచ్చులు నాకెట్ల కనబడుతున్నయ్?”

“లేనివి కనబడుడు గూడ రోగమే అక్కా” అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? సేటు తిట్టేవాడు, అంతకంటే ఏం చేసేవాడు? ఊరందరి మీదా జోకులేసి బతికినవాణ్ణి, వీడి చేతిలో నేర్చుకుని మిషన్ కూడా శుక్రవారం సినిమాకు పోతోందట అని ఊరు నామీద నవ్వుకుంటుందేమోనన్న ఒక్క భయానికి, ఆమె చూపును ఆమే నమ్మకుండా చేశానా?

ఆమెను ఊడ్చే పనికి మార్చారు. మరుసటి వారం నేను ఇంకో ఘనకార్యం చేశాను. కుంకుమ రాలి బెల్టు కింద దుమ్ము చేరుతోంది, బొట్లు గడపకు పెట్టుకోండని ఆడవాళ్లకు చెప్పాను. యంత్రం బాగుపడింది. శుక్రవారం పేచీలు ఆగిపోయాయి. చూశారా, ఆమె పోయాకే పని సక్కగైంది అన్నారంతా. రుజువు కూడా నేనే తయారుచేసి ఇచ్చినట్టయింది. కొన్నాళ్లకు ఆమె పని మానేసింది.

మొన్న మా వాడలో ఒక పెళ్లింటి ముందు ఆడవాళ్లు బియ్యం ఏరుతున్నారు. సాయమ్మక్క పక్కన ఊరికే కూర్చుని ఉంది. ఎవరో చేట అందిస్తే, “నాకు కనబడదు బిడ్డా, మీరే సూడుండ్రి” అని వెనక్కిచ్చింది. అంతలో వాడ ఆ చివర నిలబడ్డ నన్ను చూసింది.

“ఏం తమ్మీ, అంగి గుండీ ఊడింది, సూసుకోవా?” అని కేకేసింది.

చూసుకున్నాను. మెడ నుంచి మూడో గుండీ లేదు. అందరూ నవ్వారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను గుండీ చోట చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాను.

మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదు. తెలుసు. అయినా ఒక్కసారి, ఏ అతిశయమూ లేకుండా రాస్తే ఊపిరి కాస్త ఆడుతుందేమో. సాయమ్మక్క కళ్లకు ఏమీ కాలేదు. ఆ రోజు బెల్టు మీద పుచ్చులు ఉన్నాయి. ఆమె చూసింది. నేనూ చూశాను.