అమ్మకు సినిమాలు చదివి చెప్పిన సుజాత వదిన

నిన్న పొద్దున అన్న ఫోన్ చేసి "సుజాత పోయింది" అన్నాడు.

"ఎటు పోయింది?" అని అడిగాను.

అట్లా నేనే అడిగానా అని ఇంకా అనుమానంగానే ఉంది. ఫోన్‌లో గొర్రెల అరుపులు వినబడుతున్నాయి.

వాటికి మేత వేసి వచ్చి కూర్చుందట. ఛాతీలో నొప్పి అన్నదట. దవాఖానకు పోయేలోపే...

మొన్న సాయంత్రమే నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. "మాధవీ, సెలవులు ఇయ్యంగనే వచ్చెయ్. గీ దసరాకు తైవాన్‌ది దొరికింది. ఫొటోల అందరు కూసొని అన్నం తింటున్నరు. మంచిగనే ఉంటది."

అది మా వదిన పద్ధతి. పోస్టర్‌లో ఎవరో ఒకరు తింటూ కనబడాలి. కొరియా, జపాన్, థాయిలాండ్... నేను నల్లగొండ నుంచి ఆత్మకూరు వచ్చేసరికి కొత్త సిరీస్ ఏదో వెతికి పెట్టేది. రివ్యూలు చదివి నేను చెప్పినవి మాత్రం రెండో ఎపిసోడ్ దాటేవి కావు.

అమ్మ కోసం మొదలైంది ఇదంతా. నాన్న పోయాక అమ్మ మాట్లాడటం మానేసింది. ఆమెకు చదువు రాదు. వదిన పక్కన కూర్చుని, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ కూడబలుక్కుని, మన మాటల్లో చెప్పేది.

ఒకసారి కొరియా పిల్ల, తాను ప్రేమించిన అబ్బాయిని "ఒప్పా" అని పిలిచింది. వదిన ఫోన్‌లో అర్థం వెతికి "అన్నా అంటున్నది" అని చెప్పింది.

తర్వాతి సీన్‌లో పెళ్లి మాటలు.

అమ్మ లేచి నిలబడింది. "థూ, అన్నను చేసుకునుడేంది? బంద్ జెయ్."

ఎన్ని నెలలకో అమ్మ గొంతు అంత గట్టిగా విన్నాం.

"జర కూసో అత్తమ్మా, తప్పు చెప్పిన. అన్న గాదు, బావ."

"గట్ల జెప్పు మరి. మేనత్త కొడుకా?"

"ఆ, మేనత్త కొడుకే."

ఆ రోజు నుంచి ఆసియా మొత్తం మాకు మేనబావలే.

నిన్న అమ్మ ఏడవలేదు. అర్థమైందో లేదో తెలియలేదు. మళ్లీ ఆ మౌనంలోకే పోతుందేమోనని నాకు ఒకటే భయం.

ఈ పొద్దున పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లకు ఉన్నట్టుండి కథ చెప్పడం మొదలుపెట్టింది. తైవాన్ పిల్ల, వాళ్ల తల్లి నడిపే హోటల్... నేను వచ్చేదాకా ఆగలేక మొన్న రాత్రే మొదటి ఎపిసోడ్ చూశారట ఇద్దరూ. అచ్చం వదిన చెప్పినట్టే. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆపాలో వద్దో నాకు తెలియలేదు. ఆపలేదు.

ఒకచోట అమ్మే ఆగింది.

"గీడిదాంకనే చెప్పింది నా కోడలు."

అప్పుడు ఏడ్చింది.

వదినా, అమ్మ దగ్గర మేమున్నం. ఫికర్ చేయకు. నీ ప్రాణం ఎక్కడున్నా నిమ్మళంగా ఉండాలి.