చేపలు ఎదురెక్కే వాగు దగ్గర రెండు దుంగలు

తొలకరికి కొత్తనీరు రాగానే గోదావరి చేపలు వాగుల్లోకి ఎదురెక్కుతాయని, పడవలో కూర్చుని చూస్తే ఆ సంబరమే వేరని గోదావరిఖని గనుల్లో పనిచేసే మిత్రుడొకడు నన్ను ఊరించాడు. మొన్న మొదటి వాన పడగానే, ఆదివారం పొద్దున పెద్దపల్లిలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు రూపాయిలోపే. ఇంజను పొగకు చొక్కా నల్లబడటం అదనం. రామగుండంలో దిగితే బొగ్గు లారీ డ్రైవరు ఎక్కించుకున్నాడు. "పడవ మీద ఆశ పెట్టుకోకు సారూ, ఈ నెల బందు పెట్టిండ్రు," అన్నాడు. ఇంత దూరం వచ్చినవాణ్ణి ఎవరు ఆపుతారులే అనుకున్నాను.

వాగు గోదావరిలో కలిసేచోటికి చేరేసరికి తొమ్మిదైంది. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. నీళ్లకు వెళ్లే దారిలో రెండు దుంగలను ఇంటూ గుర్తులా కట్టి పాతారు. పక్కనుంచి సులువుగా దాటిపోవచ్చు. నేను అదే పనిలో ఉన్నాను.

"ఆగు సారూ," అంది పొయ్యి దగ్గరున్న రాజవ్వ. పడవ నడిపే సాయన్న భార్య ఆమె. చేపల పులుసు వండి అమ్ముతుంది. ఆ రోజు పొయ్యి మీద శనగ గుడాలే ఉడుకుతున్నాయి. "కడుపుల గుడ్లున్న చేపలు పైకి పోతున్నయి. మనుషులు దిగితే మర్లిపోతయి."

"మరి మీ గిరాకీ?"

"మాకు గిరాకి ఉండేదే గీ నెల," అన్నాడు బోర్లించిన పడవ పక్కన కూర్చున్న సాయన్న. "పోయినేడు తాడు కట్టినం. జనం దాని కిందికెళ్లి దూరి చేపలకు గంపలు ముంచిండ్రు. చలికాలం వల ఏస్తె నాచే వచ్చింది. ఈసారి గిట్లనే అయితే పడవ అమ్ముకునుడే."

అంతలో లారీ నిండా గని కార్మికులు దిగారు. సెలవు రోజు తెల్ల చొక్కాలు, చేతుల్లో గంపలు. సాయన్న లేచి నిలబడ్డాడు. వాళ్లను ఆపడం అతని తరం కాదు.

అందరికంటే ముందున్న పెద్దమనిషి దుంగల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. వెనకవాళ్లూ ఆగారు. గంపలు కింద పెట్టి, ఇవతలి బండ మీద కూర్చున్నారు. ఏమిటని అడిగాను.

"గనిల పోవద్దన్న తొవ్వకు గిట్లనే కట్టెలు కడ్తరు సారూ. అవుతల పైకప్పు కూలే జాగ ఉంటది. గివి జూస్తె మాకు కాలు లేవదు," అన్నాడాయన. సాయన్న వైపు తిరిగి నవ్వాడు. "నీకెవలు చెప్పిండ్రే గీ ఉపాయం?"

"మా బామ్మర్ది మీ గనిలనే డ్యూటీ చేస్తడన్న," అన్నాడు సాయన్న, కండువాతో మొహం తుడుచుకుంటూ.

అప్పుడు చూశాను చేపలను. రాతి మెట్టు మీంచి ఎర్రనీళ్లు దూకుతుంటే, వాటికి ఎదురుగా మూరెడు చేప ఎగిరింది. బండకు తగిలి పడింది. మళ్లీ ఎగిరింది. దాని వెనక పదుల కొద్దీ, ఆ వెనక లెక్కపెట్టలేనన్ని. మెట్టెక్కిన ప్రతి చేపకూ కార్మికులు హమ్మయ్య అని ఊపిరి వదులుతున్నారు. రోజూ భూమి లోపలికి దిగేవాళ్లు, నీళ్లలోంచి పైకి ఎగిరేవాటిని అలా చూస్తూ ఉండిపోయారు. మధ్యాహ్నానికి గుడాల గిన్నె ఖాళీ అయింది.

పడవలో వెళ్లి ఉంటే ఈ దృశ్యాన్ని చెడగొట్టి, చూశాననుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. దూరంగా కూర్చున్నందుకే అంతా కనబడింది. మీరు వెళ్లదలిస్తే తొలి వాన పడ్డ రెండు మూడు రోజుల్లోనే వెళ్లండి, బండ మీద వేసుకోవడానికి గోనెసంచి ఉంచుకోండి. ఆకలైతే గుడాలు రాజవ్వ దగ్గరే కొనండి. ఆమె పులుసు వండని నెల అది.