కోడిపిల్లలు గచ్చి ఎక్కిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో రాత్రి మధ్యాహ్నం పూట వచ్చేది. నాయన రాత్రంతా టాక్సీ తోలి, పొద్దెక్కాక ఇంటికొచ్చి, ఇంత తిని పడుకునేవాడు. ఆయన నడుం వాల్చగానే అవ్వ కిటికీకి తన పాత ఎర్రచీర అడ్డం కట్టేది. కామాటిపుర గల్లీలో తోపుడు బండ్లూ, సుత్తి దెబ్బలూ, చాయ్ గ్లాసుల చప్పుడూ జోరుగా సాగుతుంటే, మా ఖోలీ ఒక్కటే ఆ ఎర్రటి మసక వెలుగులో నీళ్ల మీద పడవలా మెల్లగా ఊగుతున్నట్టు ఉండేది. ఇల్లంటే ఆ ఒక్క గదే. అందులో నేనూ అవ్వా గుసగుసగా మాట్లాడుతూ, గిన్నెలు చప్పుడు కాకుండా దించుతూ, సగం నిద్రలో తిరిగేవాళ్లం. అమ్మ పగలంతా ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంటకు వెళ్లేది కాబట్టి ఆవిడ ఒక్కతే మా ఇంట్లో పూర్తిగా మెలకువగా ఉన్న మనిషి అని ఇప్పుడనిపిస్తుంది.

అప్పటికి నాయనా నేనూ మాట్లాడుకోక చాలా నెలలైంది. డిగ్రీ కాగానే ఆయన నన్ను బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పిస్తే, నేను మధ్యలోనే మానేసి గ్రాంట్ రోడ్డులో ఒక కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరాను. ఎవరైనా ముసలాయన కొత్త అద్దాలు పెట్టుకుని, రోడ్డవతలి బోర్డు గడగడా చదివేసి నవ్వితే నాకు ఆ రోజంతా గాల్లో తేలినట్టుండేది. ఈ సంగతి నాయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు, అడగాలని ఆయనకు తోచలేదు. ఒకే గదిలో ఉంటూ అలగడం ఎంత కష్టమైన పనో అలిగినవాళ్లకే తెలుస్తుంది. ఎటు తిరిగినా ఎదురుపడతాం. అందుకని మాటలన్నీ అవ్వ మీదుగా నడిచేవి. నాయన పక్కనే కూర్చున్న నన్ను చూడకుండా, “అమ్మా, ఉప్పు ఇటు ఇయ్యమను” అనేవాడు. అవ్వ నా వైపు తిరిగి, “ఉప్పు ఇయ్యమంటుండు” అనేది. నేను ఉప్పు డబ్బా అవ్వకిస్తే, అవ్వ నాయనకిచ్చేది. (కూర చల్లారిపోయేది గానీ మా ఇద్దరి మర్యాద మాత్రం చెక్కు చెదరలేదు.)

అలాంటి ఇంటికి నేను కోడిపిల్లల్ని తెచ్చాను. దుకాణం నుంచి వస్తుంటే ఫుట్‌పాత్ మీద ఒకతను బుట్టలో రంగు కోడిపిల్లల్ని పెట్టుకుని అమ్ముతున్నాడు. గులాబీ, ఆకుపచ్చ, నారింజ. బుట్ట నిండా హోలీ పండగ కిచకిచలాడుతున్నట్టుంది. ఆ సాయంత్రపు వెలుగులో నాకు ఏమైందో గానీ, ఇంటికి చేరేసరికి చేతిలో అట్టడబ్బా, డబ్బాలో ఓ గుప్పెడు ప్రాణాలు. అవ్వ వాటిని చూసి, చిన్నప్పుడు పాలమూరు పల్లెలో వదిలొచ్చిన చుట్టాలెవరో వచ్చినట్టు ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత, “తల్లి లేని పిల్లలు బిడ్డా, వేడి గావాలె” అంది. దుకాణంలో పారేసిన పెద్ద అట్టపెట్టె తెచ్చి, అడుగున పాత పేపర్లు పరిచి, పైన పసుపు రంగు బల్బు వేలాడదీశాం. గదిలో ఖాళీగా ఉన్న ప్లగ్గు నాయన తలాపున ఒక్కటే ఉంది కాబట్టి పెట్టె అక్కడే పెట్టాం. నాయన ఆ పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, అవ్వతో ఏదో చెప్పబోయి మానుకుని, నిద్రపోయాడు.

ఇక్కడ నాయన గురక గురించి చెప్పాలి. అది చిన్నాచితకా గురక కాదు. చలికాలం పొద్దున పాత ఇంజను స్టార్ట్ కాకుండా మొరాయించినట్టు మొదలై, ఒక్కసారి అందుకుందంటే ఇక ఆగకుండా హైవే మీద పోతున్నట్టు సాగేది. మొదటి రోజు పిల్లలు బెదిరి చస్తాయేమోనని భయపడ్డాను. అవి బెదరలేదు సరికదా, పెట్టెలో నాయన తల వైపున్న మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి వాలి, కళ్లు మూసుకున్నాయి. గురక ఆగితే చాలు, మెడలెత్తి కిచకిచమని వెతుక్కునేవి. మళ్లీ మొదలైతే మళ్లీ నిద్ర. అవ్వ అది చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. “మీ నాయనను కోడి అనుకుంటున్నయి” అంది. ఎర్రచీర వెలుగు, పసుపు బల్బు వెలుగు కలిసిన ఆ గదిలో, ఒక పెద్ద మనిషీ గుప్పెడు పిల్లలూ ఒకే లయలో ఊపిరి తీస్తుంటే అన్నానికని దుకాణం నుంచి వచ్చిన నేను చూస్తూ చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు తినడం మర్చిపోయానో.

కలలకు ఈకలు మొలవవు గానీ కోడిపిల్లలకు మొలుస్తాయి. పై రంగు ఊడిపోతూ, లోపలి తెలుపు బయటపడుతూ, మెడలు బోసిపోయి, అవి సగం స్నానం చేసి లేచొచ్చినవాళ్లలా తయారయ్యాయి. పెట్టె గోడ దూకడం నేర్చాయి. ఒకటి నాయన పొట్టెక్కి కూర్చుంది. ఇంకొకటి అమ్మ పప్పుగిన్నెలో కాలు పెట్టింది. వాసన సంగతి చెప్పను. “కోళ్లన్న ఉండాలె, నేనన్న ఉండాలె” అని అమ్మ తేల్చేసింది. దాంతో అవ్వ గచ్చి మీద గూడు కట్టడానికి పూనుకుంది. (వరసగా ఖోలీలున్న మా చాల్ బిల్డింగులో డాబాను గచ్చి అనే అంటారు.) వయసులో ఉన్నప్పుడు బిల్డింగు పనుల్లో సిమెంటు తట్టలు మోసిన మనిషి, నోట్లో మేకులు పట్టుకుని, పాత కిటికీ జాలీ, విరిగిన తలుపు చెక్క, ఒక రేకు ముక్క కలిపి మంచి గూడే నిలబెట్టింది. గద్దలు రాకుండా పైన టార్పాలిన్ కట్టాం. బల్బుకు వైరు కూడా పైకి లాగాం.

నా సెలవు రోజున, మధ్యాహ్నం, నాయన పడుకున్నాక పిల్లల్ని పైకి తీసుకెళ్లాం. నేను వాటిని నా దుపట్టాలో మూటగట్టుకుని, ఊరేగింపులో దేవుణ్ణి మోస్తున్నంత గంభీరంగా చెక్కమెట్లు ఎక్కాను. గూట్లో వదలగానే అవి ఒక్క క్షణం ఆకాశం చూశాయి. అంతే, మొదలుపెట్టాయి. అంత చిన్న గొంతుల్లో అంత ఏడుపు ఎక్కడ దాగి ఉండిందో! నూకలు వేస్తే తినలేదు. బల్బు వెలిగిస్తే దగ్గరికి పోలేదు. అవ్వ కోడిలా క్కొక్కొక్కో అని పిలిస్తే మూలకు పారిపోయాయి.

గచ్చికి సరిగ్గా కింద ఉండే మరాఠీ ఆవిడ, మేము పిన్నీ అన్నట్టు కాకూ అని పిలిచే మనిషి, పైకొచ్చింది. పురుడు పోసుకున్న ఆవిడ కూతురు పుట్టింట్లోనే ఉంది. చంటిది అప్పుడే కళ్లు మూసిందట, ఈ గోలకు లేచి అదీ అందుకుందట. కాకూ చెడ్డది కాదు. చిన్నప్పుడు నాకు జడలు వేసిన చేతులు ఆవిడవి. కానీ ఆ రోజు కళ్ల కింద నల్లగా ఉంది. మావాళ్లతో మాట్లాడి మాట్లాడి వచ్చిన తెలుగులో, “అవ్వా, చంటిపిల్ల ఉన్నది కదా ఇంట్లో. సంధ్యాకాళ్ వరకు చూస్త. ఆగకుంటే గల్లీ కొసకు చికెన్ దుకాన్‌లో ఇచ్చెయ్యిండ్రి” అని దిగిపోయింది. ఆవిడ వైపు న్యాయం ఉంది. గల్లీ కొసన ఆ దుకాణం, దాని ముందు వేలాడే తూకం కాటా నా కళ్ల ముందు కదిలాయి.

నాకప్పుడు గొప్ప ఆలోచన వచ్చింది. (ఆ వయసులో నాకు వచ్చినవన్నీ గొప్ప ఆలోచనలే.) గబగబా కిందికి పోయి, ఫోనులో రికార్డింగు పెట్టి, నిద్రపోతున్న నాయన ముక్కు దగ్గర పట్టుకున్నాను. ఇంజను మంచి జోరు మీద ఉండగా ఆయన ఒక కన్ను తెరిచాడు. ముఖం మీదికి వంగి నేను, నా చేతిలో ఫోను. ఏం చేస్తున్నావని అడగాలంటే నాతో మాట్లాడాలి. చెప్పాలంటే నేను మాట్లాడాలి. ఇద్దరం అలాగే కాసేపు చూసుకున్నాం. చివరికి ఆయన నిట్టూర్చి గోడ వైపు తిరిగాడు. దక్కిన కాస్త గురకతో నేను పైకి పరిగెత్తాను. ఫోను జాలీకి ఆనించి పెడితే పిల్లలు నిజంగానే ఆగాయి. మెడలు వంచి, ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే మా దుకాణం సేఠ్ ఫోను చేశాడు. ఆ రింగుకు అవి చెల్లాచెదురై, ముందుకన్నా రెట్టింపు ఏడుపు ఎత్తుకున్నాయి. కింద చంటిది కూడా.

“పోయి లేపు మీ నాయనను” అంది అవ్వ.

“నువ్వే పోయి చెప్పు” అన్నాను. అవ్వ మోకాళ్లు పట్టుకుని నేల మీద కూర్చుంది. “నేను మెట్లు దిగ. నీ పిల్లలు, నీ నాయన. నువ్వే అడుగు” అంది.

గదిలోకి వెళ్లి నాయన పక్కన నిలబడ్డాను. తలాపున ఖాళీ పెట్టె. ఆయనకు నిద్ర పట్టలేదు, అటూ ఇటూ దొర్లుతున్నాడు. అన్ని నెలల తర్వాత ఆ పిలుపు నా నోటికే కొత్తగా తోచింది.

“నాయనా, పైకొచ్చి పండుకుంటవా?”

ఆయన లేచి కూర్చుని, అలవాటుగా అవ్వ కోసం గది అంతా చూశాడు. అవ్వ లేదు. ఇక నా వైపే చూడాల్సి వచ్చింది. “ఎందుకు?” అన్నాడు.

“నువ్వు లేకుంటే ఏడుస్తున్నయి.”

ఆయన చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు. దిండు నా చేతికిచ్చాడు. నేరుగా, మధ్యలో ఎవరూ లేకుండా.

గచ్చి మీద టార్పాలిన్ నీడలో, గూటి పక్కన పడుకుని, “ఇదేం ఖర్మరా” అని గొణుగుతూ కళ్లు మూసుకున్నాడు. ఇంజను ఒకటి రెండుసార్లు మొరాయించి అందుకుంది. పిల్లలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జాలీకి ఆయన తల ఉన్న వైపు చేరి, వరసగా ఒదిగి, రెప్పలు వాల్చాయి. ఎండ జరిగి ఆయన ముఖం మీద పడబోతే నేను గొడుగు పట్టుకుని కూర్చున్నాను. చుట్టూ తాళ్ల మీద ఆరేసిన చీరలు గాలికి ఉబ్బుతున్నాయి. పైన గద్ద ఒకటి నిద్ర మత్తులో ఉన్నట్టు గుండ్రంగా తిరుగుతోంది. పగటి వెలుగులో నాయన ముఖాన్ని అంతసేపు చూసి ఎన్నాళ్లయిందో. గడ్డం తెల్లబడింది. కాసేపటికి కాకూ పిల్లిలా నడుచుకుంటూ వచ్చింది. చంటిది కూడా పడుకుందట. గొంతు తగ్గించి, “భావును రేపు గూడ ఇక్కడనే పండుకొమ్మను” అని చెప్పి వెళ్లింది. (భావు అంటే మరాఠీలో అన్న.)

పొద్దు వాలాక నాయన లేచాడు. గొడుగు చూశాడు.

“చేయి గుంజుతలేదా?”

“లేదు.”

గూట్లోకి చూస్తూ, ఆ మాట కోడిపిల్లలతో అంటున్నట్టుగా, “పొద్దుగాల దుకాణం ఎన్ని గంటలకు తెరుస్తరు? నేనొచ్చే టైముకు తయారుండు, దింపుత” అన్నాడు.

మా గల్లీ నుంచి ఆ దుకాణానికి నడిచి పోతే తొందరగా చేరతాం. టాక్సీలో వన్‌వేలన్నీ చుట్టి పోతే ఆలస్యమవుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు పొద్దున, ఏం చేయాలో తెలియక, కిరాయి ఇచ్చే ప్యాసింజరులా వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. నాయన అద్దంలో నన్ను చూసి, “ముందు కూసో” అన్నాడు. దిగి, ముందు సీట్లోకి మారేటప్పుడు నా దుపట్టా వెనక తలుపులో ఇరుక్కుంది. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి, దారంతా మెడ ఒక పక్కకు వంచుకుని, గొప్ప ఠీవిగా కూర్చున్నాననుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మెడ వంకర పిల్లను చూసి నవ్వొస్తుంది. ఆమెకు నొప్పి తెలియనే లేదు. ఆ పొద్దున సిగ్నళ్ల దగ్గర ఎర్రలైట్లు ఇంకొన్ని పడితే బాగుండునని మాత్రం అనుకుంటూ ఉంది.